భోగిపళ్ళకు లీవు దొరకలేదు

ప్రశ్న: నమస్కారం అండీ. మాది తాడేపల్లిగూడెం. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాను. యశ్వంతపురలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఆఫీసులో మూడేళ్ళుగా అకౌంట్స్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పాపకు వచ్చే ఆగస్టుకు ఐదేళ్ళు నిండుతాయి. ఒక ఏడాది మైల వచ్చింది, రెండేళ్ళు లీవు దొరకలేదు. ఇంతవరకు దానికి భోగిపళ్ళు పోయనేలేదు. ఐదు దాటితే ఇక పోయరు కదా. అందుకే ఈసారి ముందే జాగ్రత్తపడ్డాను. నవంబరు 13న పొద్దున ఎనిమిదింటికి కూర్చుని రైలు టికెట్లు తీశాను. మర్నాడే ఆఫీసు యాప్‌లో జనవరి 13 నుంచి 17 దాకా లీవు పెట్టాను. మా మేనేజరు గారు కన్నడిగులు. అడిగితే "నోడోణ" (చూద్దాం) అన్నారు. నేను సరే అన్నట్టే అనుకున్నాను. డిసెంబరు 29న రిజెక్ట్ చేశారు. అవే రోజులకు మా సీనియర్ అక్క లీవు పెట్టుకుందట, ఇద్దరూ ఒకేసారి వెళ్తే కుదరదట. ఆవిడా తెలుగావిడే, నంద్యాల. గత రెండు సంక్రాంతులకూ ఆవిడే వెళ్ళింది. హెచ్ఆర్‌ను అడిగితే, "లీవు ఇవ్వడం మేనేజరు ఇష్టం. పైగా మీకు మిగిలిన 11 లీవులూ డిసెంబరు 31తో పోయాయి. వెళ్తే అబ్‌స్కాండింగ్, అంటే పరారీ కింద రాస్తాం" అన్నారు. జ్వరం అని చెప్పి వెళ్ళిపోదాం అంటారు మావారు. ఆ ఉద్యోగం మానెయ్యమంటుంది అమ్మ. అసలు నాకు హక్కు ఉందా, లేదా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: "నోడోణ" దగ్గరే మొదలుపెడతానమ్మా. ఈ ఊళ్ళో ఆ మాటకు చాలా అర్థాలున్నాయి. సరే అనీ కావచ్చు, కుదరదు అనీ కావచ్చు. ఇప్పుడు విసిగించకు, పది రోజులైతే నువ్వే మర్చిపోతావు అని కూడా కావచ్చు. మీరు మీకు కావలసిన అర్థం తీసుకున్నారు. నేను ఈ ఊళ్ళో పదహారేళ్ళు పేరోల్ సీట్లో కూర్చున్నాను. జనవరి మొదటి వారంలో నా టేబుల్ ముందు నిలబడే తెలుగువాళ్ళలో సగం మంది మీలాంటివాళ్ళే. టికెట్టు కన్‌ఫర్మ్, లీవు పెండింగ్.

మీ ప్రశ్నకు ముందు సూటిగా జవాబు చెప్తాను. లీవు మీ హక్కు. ఫలానా రోజునే లీవు కావాలనడం మాత్రం హక్కు కాదు. ఏడాదిలో ఇన్ని రోజులు జీతంతో కూడిన సెలవు ఇచ్చి తీరాలని చట్టం చెప్తుంది. ఏ రోజు అన్నది పని అవసరాన్ని బట్టి యజమాని అవునో కాదో చెప్పొచ్చు. కాబట్టి "సంక్రాంతికి లీవు ఇవ్వకపోవడం చట్టవిరుద్ధం" అని వాదించడానికి వెళ్ళకండి. అక్కడ మీరు ఓడిపోతారు. మీకు బలం ఉన్నది మిగతా మూడు చోట్ల: పోయాయన్న ఆ 11 లీవులు, నలభై అయిదు రోజుల మౌనం, అబ్‌స్కాండింగ్ అన్న బెదిరింపు.

ముందు ఆ 11 సంగతి. పేస్లిప్ తీసి చూడండి, లీవు బ్యాలెన్స్ ఏ పేరుతో ఉంది? ఈఎల్ అనో పీఎల్ అనో ఉంటే అది ఆర్జిత సెలవు, అంటే మీరు పనిచేసి సంపాదించుకున్నది. కర్ణాటక షాపులు, వాణిజ్య సంస్థల చట్టం 1961 నాటిది. దాని ప్రకారం 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున ఈ సెలవు వస్తుంది. ఆదివారాలూ పండగలూ పోగా ఏడాదికి 280 రోజులు పనిచేశారనుకుంటే 14 రోజులు. ఇవి కాక జబ్బు చేసినా, మరేదైనా సరైన కారణం ఉన్నా ఏడాదికి 12 రోజుల దాకా జీతంతో సెలవు అదే చట్టంలో వేరే ఉంది. వాడుకోని ఆర్జిత సెలవును తరువాతి ఏడాదికి తీసుకెళ్ళొచ్చు. పాత పరిమితి 30 రోజులు, తరువాత దాన్ని 45కు పెంచారు. మీ 11 ఈఎల్‌లే అయితే డిసెంబరు 31 రాత్రి పన్నెండు కొట్టగానే అవి ఆవిరైపోవడానికి వీల్లేదు. కంపెనీ పాలసీ కాగితంలో ఏం రాసుకున్నా, అది చట్టం ఇచ్చేదాని కన్నా ఎక్కువ ఇవ్వొచ్చు గానీ తక్కువ ఇవ్వకూడదు.

అవి సీఎల్‌లు అయితే కథ వేరు. క్యాజువల్ లీవు ఏడాది చివర పోవడం చాలా కంపెనీల్లో మామూలే. దాని మీద గొడవ పెట్టుకుని లాభం లేదు. హెచ్ఆర్ వాళ్ళు రెండింటినీ కలిపి "లీవులు పోయాయి" అంటారు. కొందరు తెలియక అంటారు, కొందరు తెలిసే అంటారు. అందుకే ఆ 11లో ఎన్ని ఈఎల్, ఎన్ని సీఎల్ అని విడదీసి అడగండి, అదీ మెయిల్‌లో.

ఇంకో సంగతి. 2025 నవంబరు 21 నుంచి దేశమంతటా నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఈ సెలవు మాట ఉంది. ఏడాదిలో 180 రోజులు పనిచేసినవారికి 20 రోజులకు ఒక రోజు చొప్పున సెలవు. 30 రోజుల దాకా ముందుకు తీసుకెళ్ళొచ్చు. ఏడాది చివర అడిగితే డబ్బుగా మార్చి ఇవ్వాలి. మీకు పనికొచ్చే ముక్క ఇంకోటి ఉంది: అడిగినా ఇవ్వని సెలవుకు ఆ 30 పరిమితి కూడా వర్తించదు, ఎంతైనా ముందుకు పోతుంది. కోడ్‌లోని ఈ సెలవు 'వర్కర్' అన్నవారికే. మేనేజర్లకు లేదు, కొంత జీతం దాటిన సూపర్‌వైజర్లకూ లేదు. అకౌంట్స్ అసిస్టెంటు చేసేది గుమాస్తా పని, కాబట్టి మీరు అందులోకి వస్తారు. విజిటింగ్ కార్డు మీద 'ఎగ్జిక్యూటివ్' అని కొట్టించి ఇచ్చినా సరే. పేరు కాదు, చేసే పనే లెక్క.

లీవు లెక్కలో ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది, చూసుకోండి. మీరు అడిగింది 13 నుంచి 17 దాకా. మధ్యలో సంక్రాంతి నాడు మీ ఆఫీసుకే సెలవు అయి ఉంటుంది. కర్ణాటకలో 1963 నాటి చట్టం ఒకటి ఏడాదికి పది రోజులు ఇవ్వమంటుంది. రిపబ్లిక్ డే, మే డే, ఆగస్టు 15, గాంధీ జయంతి, నవంబరు 1 రాజ్యోత్సవ, వీటికి తోడు ఐదు పండగలు. కంపెనీ వేసుకున్న జాబితాలో సంక్రాంతి ఉంటే ఆ రోజును మీ ఈఎల్‌లోంచి కోయకూడదు, మధ్యలో వచ్చే వారపు సెలవునూ కోయకూడదు. 'శాండ్‌విచ్ రూల్' అని కొన్నిచోట్ల రెండు పక్కలా లీవు ఉంటే మధ్య రోజునూ నొక్కేస్తారు. చట్టం ప్రకారం రావలసిన ఆర్జిత సెలవు విషయంలో అది చెల్లదు.

ఇక ఆ మౌనం. నవంబరు 14న అడిగితే డిసెంబరు 29న కాదన్నారు. కాదనడం తప్పు కాదు, అప్పటిదాకా నాన్చడం తప్పు. దీనికి పెద్ద శిక్షలేమీ ఉండవు గానీ మీ వాదనకు ఇదే వెన్నెముక. యాప్‌లో మీ దరఖాస్తు తేదీ, రిజెక్ట్ అయిన తేదీ, అక్కడ రాసిన కారణం మూడూ కనిపించేలా ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. యాప్‌లు మారిపోతుంటాయి, పాత రికార్డు ఒక్కోసారి కనబడదు. మీ సీనియర్ అక్క ఎప్పుడు పెట్టింది, మీకంటే ముందా వెనకా? మీరు రాయలేదు. ఆవిడ అక్టోబరులోనే పెట్టి ఉంటే మేనేజరు చేసినదాంట్లో న్యాయం ఉంది. తరువాత పెట్టి ఉంటే ముందు అడిగినవారిని ఎందుకు కాదన్నారో ఆయన చెప్పాలి.

అబ్‌స్కాండింగ్ అంటే చెప్పా పెట్టకుండా మాయమైపోవడం. తేదీలు చెప్పి, దరఖాస్తు పెట్టి, ఫోనులో దొరికే మనిషిని ఆ మాట అనడం కుదరదు. ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని తీసెయ్యాలంటే 1961 చట్టం ప్రకారం సరైన కారణం ఉండాలి, నెల ముందు నోటీసో ఆ నెల జీతమో ఇవ్వాలి. తప్పు చేశారని తీసేస్తే విచారణ జరిపి రుజువు చేయాలి. దాని మీద అప్పీలుకు వెళ్ళే దారి కూడా ఉంది. అంతమాత్రాన "ఏం చేస్తారో చూస్తా" అని రైలెక్కకండి. లీవు లేదని రాతపూర్వకంగా చెప్పాక వెళ్తే అది అనుమతి లేని గైర్హాజరు. జీతం కోస్తారు, ఫైల్లో మెమో పడుతుంది, ఇంక్రిమెంటు నాడు ఆ మెమో బయటికి వస్తుంది. అప్పుడు తప్పు మీ వైపు తిరుగుతుంది.

ఇక మీవారి సలహా సంగతి. ఒకసారి మా ఆఫీసులో భీమవరం వైపు కుర్రాడు ఒకతను టైఫాయిడ్ అని ఆరు రోజులు పెట్టాడు. సర్టిఫికెట్ కూడా పంపాడు. కనుమ సాయంత్రం వాట్సాప్ స్టేటస్‌లో పుంజును చంకన పెట్టుకుని, నల్ల కళ్ళద్దాలతో ఫొటో. మేనేజరును దాచాడు గానీ నన్ను దాచడం మర్చిపోయాడు. నేనైతే నోరు మూసుకున్నాను. కానీ స్టేటస్ చూసినవాళ్ళు నేనొక్కడినే కాదు కదా. వచ్చాక అతన్ని లీవు అడిగినందుకు కాదు, దొంగ సర్టిఫికెట్ పెట్టినందుకు పిలిచారు. నిజం చెప్పి ఉంటే నాలుగు రోజుల జీతంతో పోయేది. మీ ఇంట్లో భోగిపళ్ళ ఫొటోలు ఎవరెవరి ఫోన్లలో తిరుగుతాయో మీరు ఆపగలరా? మీ అత్తగారు ఫేస్‌బుక్‌లో ఉన్నారా?

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మీకు భోగికి ఊళ్ళో ఉండటం ముఖ్యమా, నాలుగు రోజులూ ముఖ్యమా? ఉత్తరమంతా చదివితే భోగి సాయంత్రం ఒక్కటే ముఖ్యమని నాకు అర్థమైంది. రేగుపళ్ళు, చిల్లర, బంతిపూల రేకులు, చెరకు ముక్కలు దోసిట్లో పట్టుకుని మీ అమ్మగారు పాప నెత్తిన పోయడం, పాప కళ్ళు మూసుకుని ముఖం చిట్లించడం. అది 14 సాయంత్రం. దాని చుట్టూ మిగతాది సర్దుకోవచ్చు.

మీ అక్కను పక్కకు పిలిచి టీ తాగుతూ మాట్లాడండి. హెచ్ఆర్ దగ్గరికి వెళ్ళేముందు చేయాల్సిన పని ఇది, మీరు చేయలేదని నాకు అనుమానం. మనలో మనకు మొహమాటం ఎక్కువ, అడగకుండానే "ఆవిడే రెండేళ్ళు వెళ్ళింది" అని లోపల కుతకుతలాడతాం. ఆవిడది నంద్యాల, రాత్రి బస్సెక్కితే పొద్దునకు ఇల్లు. ఆవిడ 13, 14 ఆఫీసుకు వచ్చి 14 రాత్రి బయల్దేరినా పెద్ద పండగ, కనుమ రెండూ దక్కుతాయి. మీరు 12న బయల్దేరి 13, 14 లీవు పెట్టి, 15 ఆఫీసు సెలవు వాడుకుని, 16 మధ్యాహ్నానికి సీట్లో ఉండండి. అలా అయితే పనిరోజుల్లో మీ ఇద్దరిలో ఎవరూ లేనిది ఒక్క 16 పొద్దుటి పూటే. ఆ పూటకు మీ జూనియర్ ఎవరైనా చూసుకుంటే చాలు.

దీనికి అడ్డం వచ్చేది మీ మేనేజరు కాదు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు. కనుమ నాడు కాకి కూడా కదలదు అంటారు. కాకికి లీవు అప్రూవల్ అక్కర్లేదు కదా, దాని మాట వేరు. సంక్రాంతి సాయంత్రమే గుమ్మం దాటితే బయల్దేరింది కనుమ కాదు, చేరింది మాత్రమే కనుమ అని సర్దిచెప్పుకోండి. తిరుగు టికెట్టు మార్చుకోవాలి, పండగ రోజుల్లో దొరకడం కష్టమే. ముందు రోజు తత్కాల్ ప్రయత్నించండి, ఏసీకి పొద్దున పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి తెరుస్తారు. ప్రైవేటు బస్సు చివరి మాట.

అక్క ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మేనేజరుకు మెయిల్ పెట్టండి, హెచ్ఆర్‌ను కూడా కలపండి. భాష మామూలు ఆఫీసు ఇంగ్లీషే, పెద్ద మాటలు వద్దు. అందులో ఉండాల్సింది ఇంతే: నవంబరు 14న ఇన్ని రోజులకు అడిగాను, డిసెంబరు 29న కాదన్నారు. నేను రోజులు తగ్గించుకుంటున్నాను, 13, 14 పూర్తిగా, 16న సగం రోజు చాలు. 11న వెళ్ళాల్సిన జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) ముగించి వెళ్తాను, 20న ఇవ్వాల్సిన జీఎస్‌టీఆర్-3బీకి (నెల పన్ను రిటర్నుకు) నాలుగు రోజుల ముందే తిరిగి వస్తాను. నేను లేనప్పుడు ఫలానావారు చూస్తారు, ఫోనులో దొరుకుతాను. ఇది కూడా కుదరకపోతే ఎందుకో, బదులుగా ఏ తేదీలు ఇస్తారో రాయండి. నా 11 ఈఎల్ కొత్త ఏడాదికి వచ్చినట్టు చూపించండి.

చూశారా, పన్ను తేదీలు మీ వైపే ఉన్నాయి. 7న టీడీఎస్ (ముందే కోసిన పన్ను) కట్టడం, 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ. మీరు అడిగిన రోజులు సరిగ్గా మధ్య ఖాళీలో పడ్డాయి. అకౌంట్స్‌లో లీవు అడిగేవాళ్ళు ఎప్పుడూ అమ్మ గురించీ పండగ గురించీ చెప్తారు. మేనేజరు తల్లో తిరిగేది 20వ తేదీ. ముందు దానికి జవాబు ఇచ్చి తరువాత పాప గురించి చెప్పండి.

పాప గురించి మాత్రం మెయిల్‌లో కాదు, ఎదురుగా చెప్పండి. భోగిపళ్ళు అంటే ఆయనకు తెలియకపోవచ్చు. "మగువిగె ఎలచి హణ్ణు హాకబేకు సార్" (పాపకు రేగుపళ్ళు పోయాలి సార్) అనండి. సంక్రాంతికి చిన్నపిల్లల నెత్తిన రేగుపళ్ళు పోయడం కన్నడ ఇళ్ళల్లోనూ ఉంది. ఆయన పిల్లలకూ పోసే ఉంటారు. ఇన్నాళ్ళూ ఆయన విన్నది "పండక్కి ఊరెళ్ళాలి సార్" అన్న మాట ఒక్కటే. అది జనవరిలో ప్రతి తెలుగువాళ్ళూ అనేదే.

అప్పటికీ కాదంటే? మీ కంపెనీలో 20 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనివాళ్ళు ఉంటే ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. యాజమాన్యం వాళ్ళూ పనివాళ్ళూ చెరిసగం, 30 రోజుల్లో తేల్చాలి. దాని పైన లేబర్ శాఖ, బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక భవన ఉంది. కానీ నా మాట వినండి. ఈ భోగి కోసం అక్కడికి వెళ్ళకండి, మీ ఫైలు కదిలేసరికి ఉగాది వస్తుంది. ఆ 11 ఈఎల్ వెనక్కి రాకపోతే మాత్రం వెళ్ళండి. అది డబ్బుతో సమానం, రేపు మీరు మానేసినా లెక్క కట్టి ఇవ్వాల్సిన సొమ్ము. అమ్మ చెప్పినట్టు మానేయాలనుకుంటే కూడా ముందు అది తేల్చుకుని మానండి. ఒక మేనేజరు ఒక పండక్కి లీవు ఇవ్వలేదని మూడేళ్ళ ఉద్యోగం వదిలేయమని నేను చెప్పను.

ఏదీ కుదరకపోతే ఇంకో దారి ఉంది. ఇది మీ అమ్మగారికి నచ్చకపోవచ్చు. ఆవిడనే ఇక్కడికి రప్పించండి. భోగికి బెంగళూరు వచ్చే రైళ్ళు ఖాళీగానే ఉంటాయి, జనమంతా అటువైపు పోతుంటారు కాబట్టి. భోగిపళ్ళు పోసేది సాయంత్రమే, మీరు ఆరింటికి ఆఫీసు నుంచి బయటపడితే చాలు. రేగుపళ్ళు యశ్వంతపుర మార్కెట్లోనూ దొరుకుతాయి, మల్లేశ్వరంలోనూ దొరుకుతాయి. ఎలచి హణ్ణు అని అడగండి. 13 సాయంత్రమే కొని పెట్టుకోండి, పండగ పొద్దున ధర రెట్టింపు చెప్తారు. పక్కింటి కన్నడ పిల్లల్ని కూడా పీటల మీద కూర్చోబెట్టండి, మీ పాపకు తోడుగా ఉంటారు.

మెయిల్ మాత్రం రేపు పొద్దున పదకొండింటి లోపు పంపండి. మధ్యాహ్నం దాటితే మళ్ళీ "నోడోణ" అంటారు.